బెర్లిన్‌లో ముగ్గురికి 62,000 యూరోల జీతం సరిపోతుందా?

బెజవాడ_బయలుదేరాడు
ఆఫర్ వచ్చి పది రోజులైంది, ఇంకా సంతకం పెట్టలేదు. బెర్లిన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ, ఏడాదికి 62,000 యూరోలు. ఇక్కడ హైదరాబాద్‌లో నాకు 24 లక్షలు వస్తున్నాయి. ఇంట్లో అందరూ "62 లక్షలు" అని అప్పుడే లెక్క వేసేశారు. మా మామగారైతే రెండేళ్లలో ఇంకో స్థలం కొనేయొచ్చు అంటున్నారు. నేనేమో రాత్రి పన్నెండింటికి కూడా ఎక్సెల్ ముందే కూర్చుంటున్నాను.

నేను, నా భార్య, నాలుగేళ్ల బాబు. కూకట్‌పల్లి ఫ్లాట్ ఈఎంఐ నెలకు 38,000 రూపాయలు, ఇంకా పదకొండేళ్లు కట్టాలి. తను ఇక్కడ స్కూల్లో లెక్కల టీచర్, అక్కడికి వచ్చాక వెంటనే ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఒకరిని అడిగితే 1,500తో నెల గడిచిపోతుందంటారు, ఇంకొకరు 4,000 కూడా చాలదంటారు. అక్కడ సంసారం చేస్తున్నవాళ్లు అంకెలతో చెప్పండి, దయచేసి.

రింగ్‌బాన్_రాజు
ముందు ఇంట్లో ఆ 62 లక్షల మాట మాన్పించండి. చేతికొచ్చేది చూడాలి. మీరు ఒక్కరే ముందు వస్తే పన్ను తరగతి 1 (ఒంటరివాళ్ల లెక్క), నెలకు సుమారు 3,200 వస్తుంది. భార్య కూడా జర్మనీకి వచ్చి ఇక్కడ చిరునామా నమోదు అయ్యాక, నెలనెలా పన్ను తక్కువ కోసే తరగతి 3కి మార్చుకుంటే 3,600 దాకా వస్తుంది. ఆవిడ ఇండియాలో ఉన్నంతకాలం 3 ఇవ్వరు. బాబుకి కిండర్‌గెల్డ్, అంటే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు, 2025లో నెలకు 255 యూరోలు, 2026 జనవరి నుంచి 259.

ఆరోగ్య బీమా మీ జీతంలోంచే పోతుంది, పైన చెప్పింది అది పోగా వచ్చేదే. ప్రభుత్వ బీమా తీసుకుంటే ఉద్యోగం లేని భార్య, బిడ్డ అందులోనే ఉచితంగా వస్తారు.

పాలమూరు_అక్క
మాదీ ముగ్గురే. పోయిన నెల లెక్క నా డైరీలోంచి రాస్తున్నా, లిష్టెన్‌బెర్గ్‌లో ఉంటాం.

అద్దె, హీటింగ్, నీళ్లు, చెత్త అన్నీ కలిపి 1,380. కరెంటు విడిగా 72. ఇంటర్నెట్ 35. టీవీ, రేడియో చందా 18.36, ఇంట్లో టీవీ లేకపోయినా ఇంటికొకటి చొప్పున కట్టాల్సిందే. డాయిచ్‌లాండ్‌టికెట్ (దేశమంతా సిటీ బస్సులు, లోకల్ రైళ్లు ఎక్కే నెల పాస్) 2025 ధరకి ఇద్దరికి 116. పాప ఐదేళ్లది, ఆరు నిండేదాకా బస్సుల్లో, రైళ్లలో ఉచితం. కూరగాయలు, పాలు, బియ్యం, చికెన్, సబ్బులు అన్నీ కలిపి 610. ఫోన్లు 20. కీటాలో (బడికి ముందు పిల్లల్ని చూసుకునే చోటు) మధ్యాహ్న భోజనానికి 23. చిన్న బీమా ఒకటి 6. బట్టలు, మందులు, పుట్టినరోజుల కానుకలు సుమారు 150.

మొత్తం 2,430. మీకు 3,600కి 255 కలిపితే 3,855. మీ ఈఎంఐ 380 యూరోలు అనుకున్నా వెయ్యి మిగులుతుంది. ఏడాదికోసారి ముగ్గురి టికెట్లకి నెలకు 200 పక్కన పెట్టండి. అంటే 800 చిల్లర. భయపడకండి తమ్ముడూ, హాయిగా బతకొచ్చు.

మూడో_అంతస్తు
అక్కా, మీ లెక్కలో తప్పు లేదు, కానీ ఆ అద్దె ఎప్పటిది? ఏ సంవత్సరం కాంట్రాక్ట్?

పాలమూరు_అక్క
2020.

మూడో_అంతస్తు
అదే చెప్తున్నా. బెర్లిన్‌లో అందరి జీవన వ్యయం ఒకటి కాదు. పాత కాంట్రాక్ట్ ఉన్నవాళ్లది ఒక ఊరు, ఇవాళ దిగేవాళ్లది ఇంకో ఊరు.

మాదే చెప్తాను. 2016లో వెడ్డింగ్ అనే ప్రాంతంలో 62 చదరపు మీటర్ల ఇల్లు తీసుకున్నాం, ఇప్పటికి పెరిగి పెరిగి అన్నీ కలిపి 790. పై అంతస్తులో పోయిన మార్చిలో పుణే నుంచి ఒక జంట దిగారు. అదే కొలత, అదే బాల్కనీ, అవే చెక్క మెట్లు. వాళ్లు కట్టేది 1,340. ఒకరోజు వాళ్లాయన మా ఇంటికి టీకి వచ్చి అద్దె ఎంతని అడిగాడు. చెప్పాక కప్పు కింద పెట్టి చాలాసేపు గోడల వంక చూస్తూ కూర్చున్నాడు. నాకు ఆ రోజు ఏదో దొంగతనం చేసినట్టు అనిపించింది.

మా కష్టం మాది. 2022లో రెండో పాప పుట్టింది. నలుగురం రెండు గదుల్లో ఉన్నాం. పిల్లలు నిద్రపోయాక నేను వంటింట్లో నిలబడి ఆఫీసు కాల్స్ మాట్లాడతాను. మారదామంటే మూడు గదుల ఇల్లు 1,800కి తక్కువ దొరకదు. ఇంకో గది కోసం నెలకు వెయ్యి ఎక్కువ! అందుకే బెర్లిన్‌లో పాతవాళ్లు ఇల్లు వదలరు. వాళ్లు వదలకపోతే కొత్తవాళ్లకి దొరకదు.

ఉప్పు_పప్పు
గదుల లెక్క కూడా చెప్పండి, కొత్తవాళ్లు మోసపోతారు. ఇక్కడ హాలు కూడా గదే. రెండు గదుల ఇల్లంటే మన సింగిల్ బెడ్‌రూమ్. డబుల్ బెడ్‌రూమ్ కావాలంటే మూడు గదులని వెతకాలి. నేను తెలియక రెండు గదులది తీసుకుని అమ్మానాన్నల్ని పిలిచాను, మూడు నెలలు మేమిద్దరం హాల్లో పరుపు మీద.

వరంగల్_విద్యార్థి
మీరంతా 3,600తో లెక్కలు వేస్తుంటే చదువుతున్నాను. నా బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతా) ఏడాదికి 11,904, అంటే నెలకు 992. నోయ్‌కోల్న్‌లో షేరింగ్ ఫ్లాట్‌లో ఒక గది 640. బీమా 140 పైన. మిగతా 200తో తిండి, ఫోన్, అన్నీ. వారానికి రెండు రోజులు గోడౌన్‌లో పని చేస్తాను, 2025 కనీస వేతనం గంటకు 12.82. ఏడాదికి 140 పూర్తి రోజులే చేయనిస్తారు.

కంప్లైంట్ చేయడం లేదు. ఈ 992తో బతకొచ్చని కన్సల్టెన్సీ వాళ్లు మా నాన్నకి చెప్పి పంపించారు, అది మాత్రం నిజం కాదు. బెర్లిన్‌కి వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ డబ్బు గదికీ బీమాకే పోతుంది.

పాలమూరు_అక్క
వరంగల్ తమ్ముడూ, ఆదివారం మా ఇంటికి రా. నిజంగా పిలుస్తున్నా. చిరునామా మెసేజ్‌లో పంపుతా. డబ్బా కూడా తెచ్చుకో.

రింగ్‌బాన్_రాజు
నేను కూడా రావచ్చా అక్కా?

పాలమూరు_అక్క
నువ్వు ఉల్లిపాయలు తరగడానికి రా.

బెజవాడ_బయలుదేరాడు
మూడో అంతస్తు గారూ, మీరు చెప్పింది చదివి నా భార్యకి కూడా చూపించాను. అయితే నేను అద్దె 1,700 అనుకుని లెక్క వేయాలా? అద్దెలకి ప్రభుత్వం పరిమితి పెట్టిందని ఎక్కడో చదివాను, అది లేదా?

హాజెన్‌హైడె_హరి
ఉంది, కానీ చిల్లులున్నాయి. 2015 జూన్ నుంచి బెర్లిన్‌లో అద్దె బ్రేక్ చట్టం ఉంది. ఆ ప్రాంతపు సగటు అద్దె పట్టిక కంటే పది శాతానికి మించి కొత్త అద్దె పెట్టకూడదు. కానీ 2014 అక్టోబరు తర్వాత మొదటిసారి అద్దెకిచ్చిన కొత్త ఇళ్లకి ఇది వర్తించదు. కొద్దికాలానికని ఇచ్చే ఇళ్లకీ వర్తించదు. అందుకే ఒక సోఫా, ఒక మంచం పడేసి "ఫర్నిష్డ్, ఒక ఏడాదికి మాత్రమే" అని రెండు వేలు అడుగుతారు. కొత్తగా దిగినవాళ్లకి దొరికేవి ముందు అవే.

అంతకంటే గట్టి చట్టం 2020 ఫిబ్రవరిలో తెచ్చారు, అద్దెల మీద మూత అన్నమాట. ఆ నవంబరు నుంచి మా అద్దె 170 తగ్గింది. ఆ ఐదు నెలలూ ఎంత ఊపిరి తీసుకున్నామో. 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదని కొట్టేసింది, అలాంటి చట్టం చేసే అధికారం బెర్లిన్ రాష్ట్రానికి లేదంది. తగ్గిన డబ్బంతా వెనక్కి కట్టాలని ఓనర్ నుంచి ఉత్తరం, 850 యూరోలు. నా భార్య ఆ డబ్బు ముట్టుకోకుండా వేరే ఖాతాలో ఉంచింది కాబట్టి సరిపోయింది. నేనైతే ఖర్చు పెట్టేసేవాణ్ణి.

అదే ఏడాది సెప్టెంబరులో పెద్ద కంపెనీల ఇళ్లను ప్రజల పరం చేయాలా అని ఓటింగ్ పెడితే 59 శాతం అవునన్నారు. ఇప్పటికీ అమలు కాలేదు. మన పాస్‌పోర్ట్‌తో ఓటు లేదు, అద్దె మాత్రం మనదీ.

చిక్కడపల్లి_చిన్ని
రాజకీయాలు ఎందుకండీ ఇప్పుడు, ఆయన బడ్జెట్ అడిగారు.

హాజెన్‌హైడె_హరి
చిన్ని గారూ, జీతంలో సగం ఎక్కడికి పోతోందో చెప్పాలంటే ఇది చెప్పకుండా ఎలా?

చిక్కడపల్లి_చిన్ని
సరే, ఒప్పుకుంటాను. నా మాట వినండి మరి. అద్దె తప్ప మిగతావి ఇక్కడ చవకే. లండన్‌లో మా చెల్లెలు కీటా లాంటి దానికి కట్టే డబ్బుతో ఇక్కడ ఇల్లు గడుస్తుంది. బెర్లిన్‌లో 2018 ఆగస్టు నుంచి కీటాకి ఫీజు లేదు, భోజనం డబ్బులు మాత్రమే. స్కూలు పిల్లలకి నగరంలో రైళ్లు, బస్సులు ఉచితం. ప్రభుత్వ బడికి ఫీజు లేదు. హైదరాబాద్‌లో ఎల్‌కేజీకి లక్షన్నర కట్టినదాన్ని నేను. అది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఉప్పు_పప్పు
కీటాకి ఫీజు లేదు, సీటు కూడా లేదు. మా వాడికి పద్నాలుగు చోట్ల పేరు రాయిస్తే ఏడు నెలలకి ఒకటి పిలిచింది. అన్ని నెలలూ నా భార్య ఉద్యోగం వెతుక్కోలేకపోయింది. ఉచితమే కానీ ఆ ఏడు నెలల జీతం పోయింది కదా. ఆఫర్ మీద సంతకం అయిన రోజే కీటాలకి రాయడం మొదలుపెట్టండి.

వెడ్డింగ్_వెంకట్
తిండి ఖర్చు గురించి ఎవరూ సరిగా చెప్పలేదు. డిస్కౌంట్ షాపుల్లో పాలు, గుడ్లు, ఉల్లి, బంగాళదుంప కొనండి. పచ్చిమిర్చి, కొత్తిమీర, వంకాయ, బెండకాయ టర్కీ వాళ్ల కొట్లలో. మంగళవారం, శుక్రవారం మైబాఖ్‌ఊఫర్‌లో కాలువ ఒడ్డున సంత పెడతారు. శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. సర్దేసే ముందు "ఒక్క యూరో, ఒక్క యూరో" అని అరుస్తూ గిన్నెల్లో పోసి ఇచ్చేస్తారు. పోయినవారం ఒక గిన్నెడు టమాటాలు యూరోకి తెచ్చాను, కొన్ని మెత్తబడ్డాయి, ఆ రాత్రే తొక్కు పెట్టేశాం. పొయ్యి మీద ఎర్రగా దగ్గరపడుతుంటే, ఆవాల పోపు వాసనకి పక్కింటి ముసలావిడ తలుపు కొట్టి ఏం వండుతున్నారని అడిగింది. ఒక సీసా ఇచ్చాం. రెండు రోజుల తర్వాత ఖాళీ సీసా కడిగి, అందులో తన ప్లమ్ జామ్ పోసి తెచ్చింది.

బియ్యం మాత్రం మన కొట్లోనే. సోనా మసూరి పది కిలోలు 24 పెట్టి కొన్నాను. ములక్కాడలు, గోంగూర దొరుకుతాయి కానీ ధర చూస్తే గుండె గుభేలుమంటుంది.

వరంగల్_విద్యార్థి
ఖాళీ సీసాల డిపాజిట్ కూడా రాయండి అన్నా. ప్లాస్టిక్ బాటిల్‌కి 25 సెంట్లు, బీరు సీసాకి 8. మా ఫ్లాట్‌లో నలుగురివీ నేనే మెషీన్‌లో వేస్తాను, నెలకి రెండుసార్లు కూరగాయలు దాంతోనే.

మీనా_మార్జాన్
హీటింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను దెబ్బ తిన్నాను కాబట్టి చెప్తున్నా. అద్దెలో హీటింగ్ కలిసిందంటే అది అంచనా మాత్రమే. ఏడాది అయ్యాక అసలు వాడకం లెక్కగట్టి బిల్లు పంపుతారు. నాకు 2022 సంవత్సరానికి వచ్చిన బిల్లు 1,120 యూరోలు. ఉత్తరం పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. గ్యాస్ ధరలు అప్పుడు పెరిగాయి, నిజమే. కానీ సగం తప్పు మాది. కిటికీ పైన కొంచెం వాల్చి పెట్టి, కింద హీటర్ వేసి వెళ్లేవాళ్లం. అలా చేయకూడదు. హీటర్ ఆపి, కిటికీ పూర్తిగా ఐదు నిమిషాలు తెరిచి, మూసేసి మళ్లీ వేయాలి. మన వంటలకి ఆవిరి ఎక్కువ, అలా తెరవకపోతే గోడలకి బూజు పడుతుంది, అది మళ్లీ డిపాజిట్‌లో కోస్తారు.

లెక్కల కాలం ముగిశాక పన్నెండు నెలల్లోపు ఆ బిల్లు పంపాలి, దాటితే సాధారణంగా అడిగే హక్కు పోతుంది. అద్దెదారుల సంఘంలో చేరండి, బిల్లు వాళ్లే చూసిపెడతారు. మాకు 310 తగ్గింది.

రింగ్‌బాన్_రాజు
బెజవాడ గారూ, నెల ఖర్చు కంటే మొదటి మూడు నెలలు చూసుకోండి. డిపాజిట్ మూడు నెలల మూల అద్దె (హీటింగ్, నీళ్లు కలపనిది) దాకా అడగొచ్చు, మీకు 3,500 నుంచి 4,000 అవుతుంది. చట్టప్రకారం మూడు వాయిదాల్లో కట్టే హక్కు ఉంది, అడగడానికి మొహమాటపడొద్దు. చాలా ఇళ్లలో వంటగది ఖాళీగా ఉంటుంది, స్టవ్ కూడా ఉండకపోవచ్చు. పాతవాళ్లు తమ కిచెన్ వెయ్యికో పదిహేను వందలకో అమ్ముతారు. మొదట ఉండే ఫర్నిష్డ్ ఇంటికి నెలకు 1,900 అనుకోండి. చేతిలో పది వేల యూరోలు లేకుండా కుటుంబంతో దిగొద్దు. సంతకం పెట్టేముందే రీలొకేషన్ డబ్బులు అడగండి, అప్పుడే ఇస్తారు.

తాడేపల్లి_టెంపెల్‌హోఫ్
ఒక్క మాట. ఇల్లు చూడకుండా ఎవరికీ డబ్బు పంపొద్దు. నాకు జరిగింది. ఓనర్ విదేశంలో ఉన్నాడట, డిపాజిట్ వేస్తే తాళం చెవి కొరియర్‌లో వస్తుందట. 1,800 వేశాను. తాళం లేదు, ఇల్లు లేదు. పోలీసులకి ఇచ్చిన కాగితం మాత్రం మిగిలింది. నాన్న ఆ డబ్బు మిర్చి అమ్మి పంపారు. మూడేళ్లయింది, ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

మూడో_అంతస్తు
తాడేపల్లి, ఇది రాసినందుకు థాంక్స్. చదివినవాళ్లలో ఒక్కరైనా ఆగుతారు.

ఉప్పు_పప్పు
ఇంటి దరఖాస్తుకి మూడు నెలల పేస్లిప్‌లు, షూఫా (అప్పులు, బిల్లులు సరిగా కడుతున్నారా అని చూపే రిపోర్ట్), ఇంకా పాత ఓనర్‌కి బాకీ లేమన్న కాగితం అడుగుతారు. దాని పేరు మీట్‌షుల్డన్‌ఫ్రైహైట్స్‌బెషైనిగుంగ్. మా ఆవిడ అది పలికే లోపు మా రైలు రెండు స్టేషన్లు దాటింది.

చిక్కడపల్లి_చిన్ని
మళ్లీ చెప్తున్నా, ప్రతిదీ రూపాయల్లోకి మార్చి చూడొద్దు. కాఫీ నాలుగు వందలు, హెయిర్‌కట్ రెండున్నర వేలు అనుకుంటూ కూర్చుంటే ఇక్కడ బతకలేం. ఇక్కడ సంపాదన, ఇక్కడ ఖర్చు.

తాడేపల్లి_టెంపెల్‌హోఫ్
చిన్ని గారూ, అప్పు లేనివాళ్లకి ఆ మాట సరిపోతుంది. నా చదువు అప్పు రూపాయల్లో ఉంది, చెల్లి పెళ్లి రూపాయల్లో ఉంది. నేను మార్చి చూడక తప్పదు. నెలకి 600 పంపుతాను, అది అద్దెలాగే ఒకటో తారీఖు ఖర్చు.

చిక్కడపల్లి_చిన్ని
నిజమే, నేను తొందరపడ్డాను. మా ఇద్దరికీ ఉద్యోగాలు, ఇండియాలో బాకీ లేదు. అందుకే అలా అనగలిగాను.

వెడ్డింగ్_వెంకట్
బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద వస్తే భార్యకి ముందుగా జర్మన్ పరీక్ష అక్కర్లేదు, ఉద్యోగం చేసే హక్కు మొదటి రోజు నుంచే ఉంటుంది. 2025కి సాధారణ జీతం హద్దు 48,300, మీరు దాటారు. లెక్కల టీచర్ అంటున్నారు కదా, ప్రభుత్వ బడికి ఆవిడ డిగ్రీని గుర్తించాలి, జర్మన్ బాగా రావాలి, చాలా కాలం పడుతుంది. ఇంటర్నేషనల్ స్కూళ్లలో, ట్యూషన్లలో ముందే వెతకండి. ఇప్పటినుంచే భాష మొదలుపెట్టమనండి. ఆవిడ జీతం మొదలైన రోజు మీ లెక్క మొత్తం మారుతుంది.

హాజెన్‌హైడె_హరి
ఇళ్లకి ప్రభుత్వ సంస్థలు ఆరు ఉన్నాయి: డెగెవో, గెజోబౌ, గెవోబాగ్, హోవోగె, ష్టాట్ ఉంట్ లాంట్, వెబెఎమ్. ఇన్‌బెర్లిన్‌వోనెన్ అన్న సైట్‌లో అన్నింటి ఖాళీలూ కనిపిస్తాయి. అద్దె బయటికంటే తక్కువ, కాబట్టి ప్రకటన పడిన నిమిషాల్లో వేయాలి. రింగ్ (నగరం మధ్యభాగం చుట్టూ తిరిగే రైలు మార్గం) లోపలే కావాలని పట్టుబట్టకండి. ష్పాండౌ, మార్జాన్, హెలర్స్‌డోర్ఫ్ చూడండి.

మీనా_మార్జాన్
మార్జాన్ బాగుంటుంది! పదంతస్తుల పాత బిల్డింగులని చూసి భయపెడతారు. మా కిటికీలోంచి చెట్లు తప్ప ఏమీ కనిపించవు, బాబు కీటాకి నడిచి వెళ్తాడు.

బెజవాడ_బయలుదేరాడు
అందరి మాటా రెండుసార్లు చదివాను. కొత్త లెక్క: అద్దె 1,700, హీటింగ్ బిల్లుకి నెలకు 50 పక్కన, 2026 జనవరి నుంచి డాయిచ్‌లాండ్‌టికెట్ 63 కాబట్టి ఇద్దరికి 126. ఈఎంఐ, ఇండియా టికెట్లు తీసేస్తే మిగిలేది 400 దగ్గర. అక్క చెప్పిన 800 కాదు, కానీ అప్పు చేయక్కర్లేదు. రీలొకేషన్ అడిగాను, ముందు కుదరదన్నారు, మళ్లీ అడిగితే 4,000 ఇస్తామన్నారు. రాజు గారికి థాంక్స్.

జనవరిలో నేను ఒక్కణ్ణే వస్తున్నాను. ఇల్లు దొరికాక, వేసవి సెలవులకి వాళ్లిద్దరూ. ఆ ఆరు నెలలూ ఈఎంఐ తన జీతంలోంచి కడతానంది నా భార్య. మా మామగారికి ఇవన్నీ రాత్రి కూర్చోబెట్టి చదివి వినిపించాను. స్థలం మాట ఎత్తలేదు. "చలికి స్వెట్టర్లు ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా?" అని అడిగారు.

పాలమూరు_అక్క
ఇన్నర్లు అక్కడ నుంచి తెచ్చుకో, పెద్ద కోటు మాత్రం అక్కడ కొనకు. మా ఆయనది పాతది ఒకటి ఉంది, నీ సైజు చెప్పు. వచ్చేటప్పుడు కుక్కర్ గాస్కెట్లు రెండు ఎక్కువ తీసుకురా, ఐదు లీటర్లవి.

మూడో_అంతస్తు
నాకు మూడు లీటర్లది ఒకటి.